పదిహేను కిలోల సరుకు, రెండు చక్రాలు

ఇంట్లోకి వారానికి కావలసిన సరుకులు ఒకసారి కూడి చూద్దాం. ఐదు కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు, లీటరు నూనె, కిలో పంచదార, నాలుగైదు కిలోల కూరగాయలు, ఒక కొబ్బరికాయ, డజను అరటిపండ్లు. అన్నీ కలిపితే పదిహేను కిలోలకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. బజారు రెండు కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఈ పదిహేను కిలోలను అక్కడి నుంచి ఇంటికి చేర్చడానికి ఎంత శక్తి కావాలి?

సమతలంగా ఉన్న రోడ్డు మీద మనం బరువును ఎత్తడం లేదు, దొర్లిస్తున్నాం. కాబట్టి గురుత్వాకర్షణతో పని లేదు. దొర్లే చక్రానికి రోడ్డు దగ్గర ఎదురయ్యే నిరోధాన్ని దాటితే చాలు. గట్టిగా గాలి కొట్టిన సైకిలు టైరుకు తారురోడ్డు మీద ఈ నిరోధం బరువులో నూటికి ఒక వంతు కూడా ఉండదు. 0.8 శాతం అని తీసుకుందాం. అంటే 15 కిలోల సరుకును దొర్లించడానికి, 120 గ్రాముల వస్తువును చేత్తో పట్టుకోవడానికి ఎంత బలం కావాలో అంతే చాలు. ఆ బలంతో రెండు కిలోమీటర్లు సాగితే జరిగే పని సుమారు 2,400 జౌళ్లు. ఒక లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 40 లక్షల జౌళ్ల శక్తి దాగి ఉంటుంది. భాగించి చూస్తే, మన సరుకులు ఇంటికి రావడానికి కావలసిన శక్తి ఒకటిన్నర చుక్కల పెట్రోలులోనే ఉంది.

ఇక వాస్తవంలో ఏం జరుగుతోందో చూడండి. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటరు మీద వెళ్లొస్తే, రానూపోనూ నాలుగు కిలోమీటర్లకు సుమారు 90 మిల్లీలీటర్లు కాలుతుంది. ఊళ్లో లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే కారులో వెళితే 330 మిల్లీలీటర్లు. చుక్కన్నరతో అయ్యే పనికి గ్లాసెడు పెట్రోలు ఎందుకు పోస్తున్నామన్నదే ఈ అధ్యాయంలోని ప్రశ్న.

పెట్రోలు ఎటు పోతోంది?

జవాబు రెండు మెట్లలో ఉంది. మొదటిది ఇంజను. పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో ఊరి రోడ్ల మీద చక్రాల దాకా చేరేది ఐదో వంతు మాత్రమే అనుకోవచ్చు. మిగతాదంతా పొగగొట్టం నుంచీ, వేడెక్కిన ఇంజను నుంచీ గాలిలో కలిసిపోతుంది. రెండోది బండి సొంత బరువు. చిన్న కారు వెయ్యి కిలోలు ఉంటుంది. నడిపే మనిషి 65 కిలోలు, సరుకులు 15 కిలోలు. చక్రాల దగ్గరకు చేరిన ఆ ఐదో వంతు శక్తిలో సరుకుల వాటా నూటికి ఒకటిన్నర కూడా కాదు. రెండు మెట్లనూ కలిపి చూస్తే, తిరుగు ప్రయాణంలో కాలిన పెట్రోలులో నిజంగా సరుకుల కోసం కాలింది అర మిల్లీలీటరుకు మించదు. కారు ప్రధానంగా తనను తానే మోసుకు తిరుగుతోంది.

దగ్గరి ప్రయాణాల్లో మరో నష్టం ఉంది. చల్లగా ఉన్న ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకని మొదట్లో గాలికి తగిన పాళ్ల కంటే ఎక్కువ పెట్రోలు లోపలికి వెళ్తుంది. నూనె కూడా చల్లగా, చిక్కగా ఉండి కదిలే భాగాలను పట్టి ఆపుతుంది. పొగలోని విషవాయువులను విరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ రెండు మూడు వందల డిగ్రీలు వేడెక్కితే కానీ పని మొదలుపెట్టదు. బజారు రెండు కిలోమీటర్లే అయినప్పుడు ఇవన్నీ దారికొచ్చేలోగా మనం దిగిపోతాం. కాబట్టి కిలోమీటరు లెక్కన చూస్తే, ఎక్కువ ఇంధనం తాగి ఎక్కువ కలుషితం చేసేవి ఇలాంటి పొట్టి ప్రయాణాలే. సైకిలుకు బాగా సరిపోయే దూరాలు కూడా ఇవే.

సైకిలు అంత పొదుపు ఎలా నేర్చింది?

ఈ పొదుపు వెనక చాలామంది పనివాళ్ల, ఇంజనీర్ల తెలివి ఉంది. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ ముందూ వెనకా రెండు చక్రాలున్న బండిని తయారుచేశాడు. దానికి పెడళ్లు లేవు, నేలను కాళ్లతో తన్నుకుంటూ సాగాలి. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలనూ ఇంచుమించు సమానం చేసి, చైను ద్వారా వెనక చక్రాన్ని తిప్పే రోవర్ సైకిలును తెచ్చాడు. నేటి సైకిలు రూపం అప్పుడే స్థిరపడింది. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు పేటెంటు పొందాడు.

గాలి టైరు గొప్పతనం ఇది. గట్టి రబ్బరు చక్రం రాయి ఎక్కినప్పుడు బండినీ మనిషినీ కలిపి పైకి ఎత్తాలి. అలా ఎత్తడానికి ఖర్చయిన శక్తి చాలావరకు తిరిగి రాదు. గాలి టైరు రాయిని తనలోకి మింగుకుని, లోపలి గాలి స్ప్రింగులా పనిచేసి ఆ శక్తిని తిరిగి ఇస్తుంది. దీనికి తోడు ఇరుసుల్లోని ఉక్కు గుండ్లు దాదాపు రాపిడి లేకుండా దొర్లుతాయి. నూనె పెట్టిన శుభ్రమైన చైను మన కాళ్ల శక్తిలో నూటికి 95 పాళ్లకు పైగా చక్రానికి అందిస్తుంది. 1973లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఎస్.ఎస్. విల్సన్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో జంతువులనూ యంత్రాలనూ ఒకే కొలతతో పోల్చి చూపించాడు: ఒక గ్రాము బరువును ఒక కిలోమీటరు తీసుకెళ్లడానికి ఎంత శక్తి ఖర్చవుతుంది? ఆ పట్టికలో సైకిలు తొక్కే మనిషే అందరికంటే ముందున్నాడు. నడకకు అయ్యే ఖర్చులో అతనికి అయ్యేది సుమారు ఐదో వంతు.

బరువు నిజంగా ఎంత భారం?

"ఖాళీగా అయితే తొక్కుతాం కానీ అంత బరువేసుకుని ఎలా?" అని చాలామంది అడుగుతారు. లెక్క చూద్దాం. 65 కిలోల మనిషి, 20 కిలోల మామూలు సైకిలు, మొత్తం 85 కిలోలు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళితే టైర్ల దగ్గర నిరోధం సుమారు 6.7 న్యూటన్లు, గాలి నిరోధం సుమారు 6 న్యూటన్లు. ఈ రెంటినీ దాటడానికి కాళ్లు 55 వాట్ల చొప్పున శక్తినివ్వాలి. ఆరోగ్యవంతులైన పెద్దవారు ఇంతటి శక్తిని గంటసేపు ఇవ్వగలరు.

ఇప్పుడు 15 కిలోల సరుకు ఎక్కించండి. గాలి నిరోధం దాదాపు మారదు. టైర్ల నిరోధం 1.2 న్యూటన్లు పెరుగుతుంది. కాళ్ల మీద అదనపు భారం ఐదు వాట్లు. ఆ ఐదు వాట్లు కూడా పెట్టకుండా మునుపటి బలంతోనే తొక్కితే వేగం కొద్దిగా తగ్గి, రెండు కిలోమీటర్లకు ఇరవై సెకన్లు ఎక్కువ పడుతుంది. సమతలం మీద పదిహేను కిలోల సరుకు మన దగ్గర తీసుకునే మూల్యం అంతే.

వెళ్లి రావడానికి మొత్తం ఖర్చయ్యే శక్తి కూడా చూద్దాం. కండరాలు కూడా యంత్రాలే. తిన్నదానిలో నూటికి 20 నుంచి 25 పాళ్లను కదలికగా మారుస్తాయి, మిగతాది వేడిగా పోతుంది. ఆ నష్టాన్ని కలుపుకున్నా నాలుగు కిలోమీటర్లకు అయ్యేది 60 కిలోక్యాలరీలు. ఒక అరటిపండు ఇచ్చే శక్తి ఇంతకంటే ఎక్కువే. అదే ప్రయాణానికి స్కూటరు దీనికి పన్నెండు రెట్లు, కారు నలభై రెట్లకు పైగా శక్తిని ఖర్చుచేస్తాయి.

ఈ శాస్త్రాన్ని పుస్తకాలు చదవకుండానే ఆచరించినవాళ్లు మన మధ్య ఎప్పుడూ ఉన్నారు. క్యారియరుకు రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని తెల్లవారకముందే ఊళ్లోకి వచ్చే పాలవాళ్లు, గెలలుగా కొబ్బరి బొండాలు వేలాడదీసుకుని తిరిగేవాళ్లు, గ్యాసు సిలిండర్లు వేసుకొచ్చేవాళ్లు, కల్లు కుండలు కట్టుకుని వచ్చే గీత కార్మికులు, అందరూ ఈ సూత్రం మీదే బతికారు. జార్ఖండ్‌లో బొగ్గు బస్తాలు కట్టిన సైకిళ్లను రెండు వందల కిలోల బరువుతో మైళ్ల కొద్దీ నెట్టుకుంటూ పోయే కూలీలున్నారు. 1954లో వియత్నాం ప్రజలు దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి బియ్యాన్నీ మందుగుండునూ వేలాది సైకిళ్ల మీద కొండదారుల్లో చేరవేశారు. హ్యాండిల్‌కు వెదురు బొంగు కట్టి పొడిగించి, పక్కన నడుస్తూ నెట్టారు. ఒక్కో సైకిలు రెండు వందల కిలోలకు మించి మోసింది. మన పదిహేను కిలోలు సైకిలుకు ఒక లెక్క కాదు.

శక్తిని తినేవి వేరే ఉన్నాయి

బరువు అడ్డంకి కాకపోతే మరి అలసట ఎక్కడిది? మొదటి కారణం ఎత్తు. మనిషి, సైకిలు, సరుకు కలిపి వంద కిలోలను పది మీటర్లు పైకి ఎక్కించాలంటే 9,800 జౌళ్లు కావాలి. ఆ శక్తితో సమతలం మీద ఏడు వందల మీటర్లు పోవచ్చు. అందుకే కాకినాడ, భీమవరం, తెనాలి వంటి డెల్టా పట్టణాల్లో సైకిలు హాయిగా సాగుతుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డు నుంచి బంజారాహిల్స్ వైపు వెళ్లేటప్పుడు అదే సైకిలు మొండికేస్తుంది. అయితే ఆ 9,800లో సరుకుల వాటా 1,470 మాత్రమే. మిగతాదంతా మనమూ మన సైకిలూ. గేర్ల సైకిలు ఉంటే ఎక్కాల్సిన ఎత్తు తగ్గదు కానీ, ఒక్కో తొక్కుకు కావలసిన బలం తగ్గుతుంది. గేర్లు లేకపోతే దిగి నాలుగడుగులు నెట్టుకుంటూ నడవడంలో చిన్నతనం ఏమీ లేదు.

రెండో కారణం ఆగడం. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో ఉన్న వంద కిలోల సైకిలులో సుమారు 870 జౌళ్ల చలనశక్తి ఉంటుంది. బ్రేకు వేసి ఆగిన ప్రతిసారీ అది వేడిగా పోతుంది, మళ్లీ కాళ్లే దాన్ని ఇవ్వాలి. ఒక్కో ఆగుడు అరవై మీటర్ల దూరంతో సమానం. అందుకే సిగ్నళ్లున్న పెద్దరోడ్డు కంటే, కాస్త చుట్టు తిరుగుడైనా లోపలి వీధుల దారి తేలిక. అక్కడ వాహనాల భయం కూడా తక్కువ.

మూడో కారణం పూర్తిగా మన చేతిలో ఉన్నది: టైర్లలో గాలి. గాలి తగ్గిన టైరు రోడ్డు మీద ఎక్కువగా నలుగుతుంది. నలిగి మళ్లీ సాగే రబ్బరు ప్రతి చుట్టులోనూ కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది. క్యారియరు మీద వేసిన బరువు దాదాపు అంతా వెనక చక్రం మీదే పడుతుంది కనుక బజారుకు బయలుదేరే ముందు వెనక టైరును బొటనవేలితో నొక్కి చూడాలి. లోపలికి పోతే గాలి కొట్టించాకే బయలుదేరాలి. టైరు అంచున ముద్రించిన పరిమితి దాటకుండా, దానికి దగ్గరగా గాలి ఉంచడం మేలు.

సంచి ఎక్కడ కట్టాలి?

సైకిలు పడిపోకుండా ఎలా నిలుస్తుంది? తిరిగే చక్రాల బొంగరపు గుణం వల్లనే అని చాలాకాలం పాఠాల్లో చెప్పేవారు. 2011లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ గుణాన్ని పూర్తిగా రద్దుచేసిన ఒక చిన్న సైకిలును తయారుచేసి వదిలారు. మనిషి లేకుండానే అది పడిపోకుండా సాగింది. సైన్స్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన సైకిలు నిలకడకు మూలం ఎక్కడుందో స్పష్టం చేసింది. సైకిలు ఏ పక్కకు ఒరిగితే హ్యాండిల్ ఆ పక్కకే తిరగాలి. అప్పుడు చక్రాలు వచ్చి మళ్లీ బరువు కిందకు చేరతాయి. అరచేతిలో కర్రను నిలబెట్టేవాడు, కర్ర ఎటు ఒరిగితే చేతిని అటు జరిపినట్టే ఇదీను.

ఈ సూత్రం తెలిస్తే సంచి ఎక్కడ కట్టకూడదో కూడా తెలుస్తుంది. హ్యాండిల్‌కు బరువైన సంచి తగిలించామంటే, నిలకడను కాపాడే ఆ చిన్నచిన్న తిప్పుళ్లకే అడ్డుపడుతున్నామన్నమాట. సంచి ఊగి హ్యాండిల్‌ను తన వైపు లాగుతుంది. ఒక్కోసారి ముందు చక్రం స్పోకుల్లో చిక్కుకుని మనిషిని ముందుకు విసిరేస్తుంది. కాబట్టి హ్యాండిల్‌కు ఏమీ తగిలించకండి. ముందు బుట్ట ఉంటే కొత్తిమీర, కోడిగుడ్లు, రొట్టె వంటి తేలికైనవి మాత్రమే వేయండి.

బరువు వెళ్లాల్సిన చోటు వెనక క్యారియరుకు రెండు పక్కలా, కిందికి, ఇరుసుకు దగ్గరగా. పాలవాళ్లు క్యాన్లు వేలాడదీసేది సరిగ్గా అక్కడే. రెండు గోనె సంచులను లేదా గట్టి గుడ్డ సంచులను ఒక పట్టీతో కలిపి కుట్టిస్తే, జోడు సంచి తయారు. ఒక పక్క బియ్యం, మరో పక్క పప్పు, నూనె, పంచదార. రెండు పక్కలా బరువు సమానంగా ఉండాలి. బరువైనవి అడుగున, టమాటాలు, అరటిపండ్లు పైన. బరువు కిందికి ఉన్నకొద్దీ ఆగినప్పుడూ దిగినప్పుడూ సైకిలు ఒరిగి చెయ్యి జారిపోయే ప్రమాదం తగ్గుతుంది. తొక్కేటప్పుడు మడమ సంచికి తగలకుండా కాస్త వెనక్కి కట్టాలి.

కట్టడానికి పాత సైకిలు ట్యూబును పొడవుగా చీల్చిన పట్టీలను మించినవి లేవు. తాడు కుదుపులకు వదులవుతుంది, రబ్బరు పట్టీ సాగి మళ్లీ బిగుసుకుంటుంది. పట్టీ కొసలు, చీరకొంగు, చున్నీ చక్రంలోకి పోకుండా జాగ్రత్తపడాలి. వెనక చక్రానికి పక్క జాలీ బిగిస్తే ఆ భయమే ఉండదు. సరుకు ఎక్కించడానికి ఒంటి స్టాండు చాలదు. చక్రాన్ని నిటారుగా నిలబెట్టే డబల్ స్టాండు కావాలి.

బ్రేకుల గురించి ఒక హెచ్చరిక. 15 కిలోలు పెరిగితే సైకిలు చలనశక్తి సుమారు 18 శాతం పెరుగుతుంది. ఆపడానికి చేతులు అంత ఎక్కువగా బిగించాలి, లేదా అంత ముందుగా మొదలుపెట్టాలి. వానలో తడిసిన ఉక్కు రిమ్ము మీద బ్రేకు రబ్బరు పట్టు బాగా తగ్గిపోతుంది. వాన రోజున సరుకుతో వస్తుంటే వేగాన్ని సగానికి దించాలి.

డబ్బు లెక్క

లీటరు పెట్రోలు 108 రూపాయలు అనుకుందాం. స్కూటరు మీద బజారుకు ఒకసారి వెళ్లొస్తే దాదాపు పది రూపాయలు. రోజూ పాలకో కూరలకో వెళ్లే ఇంట్లో నెలకు 290, ఏడాదికి 3,500 రూపాయలు. అదే కారు అయితే ఒక్కసారికి 36 రూపాయలు, రోజూ వెళితే ఏడాదికి 13,000 రూపాయలు. ఇందులో ఇంజనాయిలు, సర్వీసింగు కలపలేదు. ఆరేడు వేలు పెట్టి కొన్న మామూలు సైకిలు ఖరీదు స్కూటరు లెక్కన రెండేళ్లలో, కారు లెక్కన ఏడు నెలల లోపే తిరిగి వస్తుంది. తర్వాత ఉండే ఖర్చు ఎప్పుడైనా ఒక పంక్చరు, కొన్నేళ్లకు టైర్లు, చైనుకు కాస్త నూనె.

ఈ పొదుపు ఒక్క ఇంటిది కాదు. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటున్నదే. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో చేరుతుంది. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిలు ఉంది. సాధనం చాలామంది ఇళ్లలోనే ఉంది, వాడకమే తగ్గిపోతోంది.

మోకాళ్ల నొప్పులున్నవారికీ, పెద్ద వయసువారికీ, మెట్టప్రాంతపు ఊళ్లవారికీ బ్యాటరీ సైకిలు మంచి మార్గం. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, తక్కువ బరువుండే వాటిని మన చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. కిలోమీటరుకు పది వాట్-గంటల చొప్పున వేసుకుంటే బజారు ప్రయాణానికి అయ్యే కరెంటు అర్ధరూపాయి దాటదు.

ఎండ మాటేమిటి?

తెలుగునాట మే నెలలో సైకిలు అనగానే వచ్చే ప్రశ్న ఇది, న్యాయమైనది కూడా. తొక్కేటప్పుడు కండరాలు సుమారు 200 వాట్ల అదనపు వేడిని పుట్టిస్తాయి. ఒక మిల్లీలీటరు చెమట ఆవిరైతే 2,400 జౌళ్ల వేడిని తీసుకుపోతుంది. పదహారు నిమిషాల ప్రయాణానికి 80 మిల్లీలీటర్ల చెమట చాలు. అయితే చెమట పట్టడం కాదు, ఆరడం ముఖ్యం. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట తొందరగా ఆరదు, ఉక్కపోస్తుంది. పైగా మధ్యాహ్నపు ఎండ నేరుగా ఒంటి మీద ఇంకెంతో వేడిని కుమ్మరిస్తుంది. కాబట్టి వేసవిలో బజారుకు ఉదయం ఎనిమిదిలోపు వెళ్లిరావాలి. ఆకుకూరలు తాజాగా దొరికేదీ అప్పుడే. నడివేసవి మధ్యాహ్నం సైకిలు తొక్కమని ఎవరికీ చెప్పకూడదు.

దారి ఇవ్వాల్సింది ఎవరు?

సైకిలు శాస్త్రం ఎంత బాగున్నా, పక్కనే దూసుకుపోయే లారీ ఉంటే ఎవరూ ధైర్యం చేయరు. పిల్లలనూ ఆడవాళ్లనూ ఇంట్లోవాళ్లు పంపరు. ఆ భయం నిజమైనది, దాన్ని తీర్చాల్సింది తొక్కేవాళ్లు కాదు, పాలకులు. 1973 చమురు సంక్షోభంలో నెదర్లాండ్స్ ప్రభుత్వం ఆదివారాలు కార్లను నిలిపివేసింది. రోడ్ల మీద పిల్లలు చనిపోవడాన్ని సహించబోమంటూ అదే దశకంలో తల్లిదండ్రులు ఉద్యమించారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడి ఊళ్లు సైకిళ్లకు విడి దారులు వేశాయి. నేడు ఆ దేశంలో ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిళ్ల మీదే సాగుతున్నాయి.

మన దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023లో సౌరఫలకాల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. అది మంచి పనే. కానీ సరుకులు తెచ్చుకునే సైకిలుకు కావలసిన దారి ఊరి మధ్యలో కావాలి. 1999లో మొదలైన రైతుబజార్లు నేడు ఎన్నో పట్టణాల్లో ఉన్నాయి. ప్రతి రైతుబజారు చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల మేర సైకిళ్లకు భద్రమైన దారి, బజారు గేటు దగ్గర నీడలో సైకిలు స్టాండు, గాలి పంపు ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చు కాదు. ఒక ఫ్లైఓవరుకయ్యే డబ్బులో చిన్న భాగంతో ఊరంతటికీ చేయవచ్చు. ఈ కోరికను మన మున్సిపల్ కౌన్సిలరు ముందు, వార్డు సభలో మనమే పెట్టాలి.

దారి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ ఇంటికి రెండు మూడు కిలోమీటర్లలోపు బజారు ఉండి, లోపలి వీధుల్లోంచి దారి ఉంటే, ఈ వారమే మూలనున్న సైకిలును మెకానిక్కు చూపించండి. బ్రేకులు సరిచేయించి, చైనుకు నూనె వేయించి, టైర్లకు గాలి నింపించి, ఒక జోడు సంచి కుట్టించుకోండి. మొదట కూరగాయలతో మొదలుపెట్టండి, చెయ్యి తిరిగాక బియ్యం కూడా వేసుకోవచ్చు. పదిహేను కిలోల సరుకు కోసం వెయ్యి కిలోల ఇనుమును కదిలించాల్సిన అవసరం లేదు.